మాంసం తర్వాత వచ్చింది: ఒక పాత ఇటాలియన్ రెస్టారెంట్, దాని వీగన్ మెనూ

న్యూయార్క్ నగరం, మన్‌హట్టన్‌లోని ఈస్ట్ విలేజ్ ప్రాంతం. సెకండ్ అవెన్యూ నుంచి ఈస్ట్ 12వ వీధిలోకి తిరగగానే ఒక పాత ఇటాలియన్ రెస్టారెంట్ కనిపిస్తుంది. పేరు జాన్స్ ఆఫ్ ట్వెల్త్ స్ట్రీట్. ఇటలీ నుంచి వలస వచ్చిన జాన్ పుచ్చాట్టి 1908లో దీన్ని తెరిచాడు. లోపల చిన్న చిన్న పలకలు పరిచిన నేల, గోడల మీద ఇటలీ దృశ్యాల చిత్రాలు, వెనక గదిలో ఏళ్ల తరబడి కొవ్వొత్తి మీద కొవ్వొత్తి వెలిగించగా కారి గట్టిపడిన మైనం గుట్ట. వంటలు కూడా ఆ గదికి తగ్గవే: ఎర్ర సాస్‌లో మునిగిన మీట్‌బాల్స్, బ్రెడ్ పొడి అద్ది వేయించి చీజ్ కరిగించిన చికెన్ పార్మీజాన్, మార్సాలా వైన్‌లో ఉడికిన దూడ మాంసం.

వాటితో పాటు ఇక్కడ ఇంకో మెనూ కూడా ఉంది. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ లేని పూర్తి వీగన్ మెనూ. అమెరికాలోని చాలా రెస్టారెంట్లు వీగన్ అతిథికి ఒక సలాడ్, ఒక పాస్తా చూపించి సరిపెడతాయి. ఇక్కడ అలా కాదు. మీట్‌బాల్స్, పార్మీజాన్, మార్సాలా అన్నిటికీ మొక్కల నుంచి వచ్చిన దినుసులతో చేసిన జోడీలు ఉన్నాయి. వందేళ్లు దాటిన ఇటాలియన్ వంటింట్లో ఈ పని చూసిన చాలామంది, కాలం మారింది కాబట్టి సంప్రదాయాన్ని కాస్త వదులుకున్నారని అనుకుంటారు. వంట చరిత్ర చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. ఆ బల్ల మీదికి మాంసమే తర్వాత వచ్చింది. అది లేని తిండి అంతకు ముందు నుంచీ ఉంది.

పల్లెల్లో తిన్నదేమిటి

అమెరికాలో ఇటాలియన్ వంటగా స్థిరపడినది ఎక్కువగా దక్షిణ ఇటలీ వలసదారుల చేతి వంట. నేపుల్స్ చుట్టుపక్కల కంపానియా, కలాబ్రియా, సిసిలీ, బసిలికాతా, పూలియా ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు వాళ్లు. 1861లో ఇటలీ ఒకే దేశంగా ఏర్పడ్డాక కూడా ఆ ప్రాంతాల రైతు కూలీల బతుకు మెరుగుపడలేదు. 1869లో కొత్త ప్రభుత్వం ధాన్యం పిండి పట్టించుకోవడం మీద పన్ను వేసింది. తినే రొట్టె మీద పన్ను అది. 1884 దాకా తీయలేదు. అలాంటి చోట మాంసం పండగలకూ పెళ్లిళ్లకూ వండుకునేది. రోజువారీ తిండి వేరు: రొట్టె, ఎండు పాస్తా, సెనగలు, తెల్ల చిక్కుడు గింజలు, పొలం గట్ల మీద కోసుకొచ్చిన చేదు ఆకుకూరలు, ఉల్లి, వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎండు మిరప. పంతొమ్మిదో శతాబ్దానికి ఆ వరసలో టమాటా గట్టిగా చేరిపోయింది.

ఆ దక్షిణ ప్రాంతపు ఎండు పాస్తాలో గుడ్డు ఉండదు. డ్యూరమ్ గోధుమ రవ్వ, నీళ్లు అంతే. గుడ్డు కలిపి మెత్తగా చేసే పాస్తా ఉత్తరాన ఎమీలియా రొమాన్యా లాంటి సంపన్న ప్రాంతాల అలవాటు. చీజ్ కూడా అందరికీ రోజూ దొరికేది కాదు. సిసిలీ, కలాబ్రియాల్లో దానికి బదులు ఎండిన రొట్టెను పొడి చేసి, ఆలివ్ నూనెలో ఎర్రగా వేయించి పాస్తా మీద చల్లుకునేవారు. ఇప్పటికీ చల్లుకుంటారు. కరకరలాడే ఆ పొడి చీజ్ లేని లోటు తీర్చడానికి పుట్టిందే అయినా, రుచిలో చీజ్‌కు తక్కువదేమీ కాదు. నిజానికి చాలా పాస్తాలకు చీజ్ కంటే అదే బాగుంటుంది.

దీనికి తోడు చర్చి నియమాలు. కాథలిక్కులకు శుక్రవారం మాంసం నిషిద్ధంగా ఉండేది. ఈస్టర్ ముందు వచ్చే నలభై రోజుల ఉపవాస కాలంలో పాత రోజుల్లో మాంసంతో పాటు గుడ్లు, పాలు, వెన్న కూడా మానేవారు. ఈ నియమాలు కాలక్రమంలో సడలుతూ వచ్చి, 1966లో పోప్ ఆరో పాల్ చేసిన మార్పులతో చాలావరకు తేలికయ్యాయి. అప్పటికే వందల ఏళ్ల పాటు ఇటలీ ఇల్లాళ్లు మాంసం లేకుండా, కొన్నిసార్లు పాలు కూడా లేకుండా, ఇంటిల్లిపాదికీ తృప్తిగా వండిపెట్టడం నేర్చుకుని ఉన్నారు. పేదరికం ఒకవైపు, ఉపవాసం ఇంకోవైపు ఆ వంటను తీర్చిదిద్దాయి. ‘వీగన్’ అనే పేరు 1944లో ఇంగ్లండ్‌లో పుట్టింది. ఆ పేరు కిందికి వచ్చే వంటలు మాత్రం అంతకు ఎన్నో తరాల ముందే సిసిలీ పొయ్యిల మీద ఉడుకుతున్నాయి. వంకాయ, టమాటా, ఆకుకూర సెలరీ, ఆలివ్ కాయలు, కేపర్లు అనే ఊరవేసిన మొగ్గలు, వెనిగర్, చక్కెర కలిపి చేసే కపొనాతా అందుకు మంచి ఉదాహరణ. అందులో జంతువు నుంచి వచ్చినదేదీ లేదు. ఆ పులుపూ తీపీ నాలుక్కి తగిలాక మాంసం గుర్తుకు రాదు.

అమెరికా బల్ల మీద

1880 నుంచి 1920 మధ్య నలభై లక్షల మందికి పైగా ఇటాలియన్లు అమెరికా చేరారు. వాళ్లు దిగిన దేశంలో మాంసం చవక. షికాగో కబేళాల్లో కోసిన గొడ్డు మాంసం మంచు పెట్టెల రైళ్లలో న్యూయార్క్‌కు వచ్చేది. రోడ్లు వేసే కూలీ, బట్టలు కుట్టే దర్జీ కూడా వారానికోసారైనా మాంసం కొనగలిగారు. ఊళ్లో భూస్వామి బల్ల మీద చూసిన తిండి ఇక్కడ తమ ఇంట్లో కనిపించింది. ఆదివారం కుండలో టమాటాతో పాటు పంది పక్కటెముకలు, సాసేజీలు, చుట్టి కట్టిన గొడ్డు మాంసం పడి గంటల తరబడి ఉడకడం మొదలైంది. పిడికెడంత మీట్‌బాల్స్ స్పఘెట్టి మీదికెక్కాయి. ఇటలీలో మాంసం ఉండలు సాధారణంగా చిన్నవి, పాస్తాతో కలపకుండా విడిగా తినేవి. ఈ జోడీ అమెరికాలో పుట్టిన సంపదకు గుర్తు.

చికెన్ పార్మీజాన్ కథ ఇంకా స్పష్టం. ఇటలీలో దాని మూలం వంకాయ. నేపుల్స్, సిసిలీల్లో వంకాయ చక్రాలు వేయించి, టమాటా సాస్, చీజ్ పొరలు పొరలుగా పరిచి కాల్చే వంటకం అది. అమెరికా చేరాక వంకాయ స్థానంలోకి కోడి, దూడ మాంసం వచ్చాయి. అంటే ఈ రోజు ఒక వంటవాడు కోడి తీసేసి గోధుమ ముద్దతోనో పుట్టగొడుగుతోనో పార్మీజాన్ చేస్తే, ఒకసారి మారిన వంటకాన్ని ఇంకోసారి మారుస్తున్నాడంతే. మొదటి మార్పును సంప్రదాయమని మెచ్చుకుని రెండోదాన్ని మోసమని కొట్టిపారేయడంలో న్యాయం లేదు. మీట్‌బాల్స్ సంగతీ అంతే. కలాబ్రియాలో వంకాయ గుజ్జుతో, అబ్రుట్సోలో రొట్టె, చీజ్, గుడ్డు కలిపి మాంసం లేని ఉండలు చేసుకోవడం పాత అలవాటే.

రెస్టారెంట్ల విషయానికొస్తే, మద్యనిషేధం వాటికి అనుకోని మేలు చేసింది. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యం అమ్మకం నేరం. ఇంట్లో పళ్లరసం పేరుతో వైన్ చేసుకోవడానికి మాత్రం సందు ఉండేది. ఇటాలియన్ కుటుంబాలకు ఆ విద్య వచ్చు. భోజనంతో పాటు గుట్టుగా కాస్త వైన్ దొరుకుతుందని తెలిశాక, అంతకుముందు వెల్లుల్లి వాసనకే ముఖం తిప్పుకున్న న్యూయార్క్ వాసులు ఇటాలియన్ వీధుల బాట పట్టారు. జాన్స్‌లో కూడా ఆ రోజుల్లో కాఫీ కప్పుల్లో వైన్ పోసేవారని చెప్పుకుంటారు. ఈ వీధికి ముఠాల చరిత్ర కూడా ఉంది. 1922 ఆగస్టులో ఉంబెర్టో వాలెంటి అనే ముఠా నాయకుణ్ణి ఈస్ట్ 12వ వీధిలో, సెకండ్ అవెన్యూ దగ్గరే కాల్చి చంపారు. పర్యాటకులకు ఈ కథలే ఎక్కువగా వినిపిస్తాయి. వంట కథకు దక్కాల్సిన చోటును అవి ఆక్రమించుకోవడం విచారకరం.

పక్క గుమ్మం

జాన్స్ 302వ నంబరు. పక్కనే 300వ నంబరులో చాలా ఏళ్లు ఆంజెలికా కిచెన్ నడిచింది. 1976లో మొదలైన ఆ రెస్టారెంట్ న్యూయార్క్‌లో వీగన్ భోజనానికి పెద్ద పేరు. టోఫు అనే సోయా పనీర్, బియ్యం, సముద్రపు నాచు, ఆవిరి మీద ఉడికిన కూరలతో కడుపునిండా పెట్టేది. 2017లో మూతపడింది. ఒకవైపు మీట్‌బాల్స్, ఒకవైపు టోఫు, మధ్యలో ఒక గోడ. ఈస్ట్ విలేజ్ స్వభావమే అది. ఇక్కడికి దక్షిణంగా కొంత దూరంలో, 26 సెకండ్ అవెన్యూలోని చిన్న దుకాణం గదిలో 1966లో భక్తివేదాంత ప్రభుపాద ఇస్కాన్ స్థాపించారు. మాంసం లేని ప్రసాదం పళ్లేలు ఈ పేటకు అప్పటి నుంచే తెలుసు. సిక్స్త్ స్ట్రీట్‌లో భారతీయ భోజనం పేరుతో బంగ్లాదేశీలు నడిపిన రెస్టారెంట్ల వరస ఉండేది. ఇటాలియన్, యూదు, ఉక్రేనియన్, పోలిష్ కుటుంబాల మధ్యకు విద్యార్థులు, కళాకారులు, ఆదర్శాల కోసం తిండి మార్చుకున్న యువత వచ్చి చేరారు. వీగన్ తిండి కావాలని అడిగేవాళ్లు ఈ పేటకు ఎక్కడి నుంచో ఊడిపడలేదు. పక్కింటివాళ్లే.

వ్యాపార కోణం నుంచి చూసినా ఇది తెలివైన పని. ఎనిమిది మంది కలిసి భోజనానికి బయలుదేరినప్పుడు ఎక్కడికి వెళ్లాలో తేల్చేది ఎక్కువ ఆంక్షలున్న మనిషి. ఆ ఒక్కరికి తిండి లేకపోతే మిగిలిన ఏడుగురూ వేరే చోటికి పోతారు. ఆ ఒక్కరికి పూర్తి మెనూ ఉంటే ఎనిమిది మందీ వస్తారు, మళ్లీ మళ్లీ వస్తారు. ఇదే పేటలో, ఫస్ట్ అవెన్యూ మీద 1904లో తెరిచిన లాన్సాస్ రెస్టారెంట్ 2016లో మూతపడింది. అదే ఏడాది పుట్టిన డి రాబర్టిస్ మిఠాయి దుకాణం 2014లో తలుపులు వేసింది. పాత దుకాణాలు మూతపడడానికి అద్దెలు, వారసులు, భవనాల అమ్మకాలు అంటూ ఎన్నో కారణాలుంటాయి. ఒక మెనూ వల్లే ఫలానాది నిలబడిందనడం అతిశయోక్తి అవుతుంది. కానీ వందేళ్లు దాటిన బల్ల చుట్టూ కొత్త తరం కూర్చోవాలంటే ఆ తరం తినేది ఆ బల్ల మీద ఉండాలి. ఇది మాత్రం కాదనలేని లెక్క.

పెనంలో జరిగేది

ఇలాంటి రెస్టారెంట్‌లో వీగన్ వంటలు రెండు జాతులు. ఒకటి, మొదటి నుంచీ జంతు పదార్థం లేనివి. రెండోది, మాంసానికీ చీజ్‌కూ బదులు వేరేది పెట్టి చేసినవి. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టి మెచ్చుకోవడమూ తిట్టడమూ సరికాదు.

మొదటి జాతిలో అల్యో ఎ ఓల్యో స్పఘెట్టి కంటే మంచి ఉదాహరణ లేదు. వెల్లుల్లిని పలచని రేకుల్లా కోసి చల్లటి ఆలివ్ నూనెలోనే వేస్తారు. ఆ తర్వాత సన్నని సెగ పెడతారు. నూనె వేడెక్కుతున్న కొద్దీ వెల్లుల్లి ఘాటు తగ్గి తీపి వాసన నూనెలోకి దిగుతుంది. రేకులు లేత బంగారు రంగుకు రాగానే ఎండు మిరప తుంచి వేసి, పాస్తా ఉడికిన నీళ్లు ఒక గరిటెడు పోస్తారు. ఆ నీళ్లలో పాస్తా వదిలిన పిండి ఉంటుంది. పాస్తా వేసి పెనాన్ని గట్టిగా ఊపినప్పుడు ఆ పిండి నూనెనూ నీటినీ కలిపి పట్టుకుంటుంది. పాస్తాకు మెరిసే చిక్కటి పూత పడుతుంది. వెన్న లేదు, క్రీమ్ లేదు. వెల్లుల్లి ఒక్క నిమిషం ఎక్కువ వేగి గోధుమ రంగు దాటితే మొత్తం చేదే. ఇంత తక్కువ సరుకుతో ఇంత రుచి రావడానికి కావలసింది నూనె నాణ్యత, వంటవాడి ఓపిక. మెనూలో తక్కువ ధరకు కనిపించే ఈ వంటకమే వంటింటి సత్తాకు అసలు పరీక్ష.

తెల్ల చిక్కుడు గింజలతో వండే ఎస్కరోల్ ఆకుకూర, వెల్లుల్లితో వేయించిన చేదు బ్రోకలీ రాబ్, ఎండు మిరప కారంతో ఉండే అరాబియాతా సాస్ కూడా ఈ జాతివే. కారం, వెల్లుల్లి, పప్పు గింజలు, ఆకుకూర అంటే తెలుగు నాలుకకు ప్రత్యేకంగా పరిచయం అక్కర్లేదు. పప్పులో తోటకూర వేసుకుని తిన్నవారికి చిక్కుడు గింజల ఎస్కరోల్ మొదటి ముద్దలోనే చుట్టమైపోతుంది.

రెండో జాతి వంటలకు మూలం ఎక్కువగా సేటాన్. మైదా లేదా గోధుమ పిండి ముద్దను నీళ్లలో పిసుకుతూ కడిగితే పిండి పదార్థం తెల్లటి నీళ్లుగా పోయి సాగే ముద్ద మిగులుతుంది. అదే గ్లూటెన్. దాన్ని మసాలా నీళ్లలో ఉడికిస్తే మాంసంలా నమలడానికి పనికొస్తుంది. చైనా బౌద్ధుల వంటిళ్లలో ఈ విద్య శతాబ్దాల నాటిది. ఇప్పుడు గ్లూటెన్ పొడిగానే దొరుకుతుంది. సేటాన్‌కు సొంత రుచి తక్కువ. ఇటాలియన్ అమెరికన్ వంటలో అది లోపం కాదు, ఎందుకంటే ఆ వంటలో రుచి మాంసంలో కంటే దాని చుట్టూ ఉంటుంది. పలచగా కొట్టిన కోడి రొమ్ము ముక్కకు కూడా సొంత రుచి తక్కువే. రుచి వచ్చేది బయట వేగిన రొట్టె పొడి నుంచి, టమాటా పులుపు నుంచి, పుట్టగొడుగులతో మరిగి చిక్కబడిన మార్సాలా వైన్ నుంచి. టమాటాల్లోనూ పుట్టగొడుగుల్లోనూ మాంసంలో ఉండేలాంటి గ్లూటమేట్ రుచి సహజంగానే ఉంది. అందుకే సేటాన్ మార్సాలా తినేవాళ్లు మాంసం లేదన్న సంగతి సగం ప్లేటు దాకా మరిచిపోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే గోధుమ పడనివాళ్లకు, సీలియాక్ వ్యాధి ఉన్నవాళ్లకు సేటాన్ విషంతో సమానం. అది పూర్తిగా గ్లూటెనే కదా.

చీజ్ దగ్గరికి వచ్చేసరికి కథ అంత సాఫీగా సాగదు. మోజరెల్లా వేడికి కరిగి తీగలా సాగడానికి కారణం పాలలోని కేసీన్ అనే ప్రొటీన్. అది కాల్షియంతో కలిసి వలలా అల్లుకుని కొవ్వునూ నీటినీ పట్టి ఉంచుతుంది. వేడెక్కినప్పుడు ఆ వల తెగకుండా సాగుతుంది. మొక్కల్లో కేసీన్ లేదు. వీగన్ చీజ్ తయారుచేసేవాళ్లు ఎక్కువగా కొబ్బరి నూనె, పిండి పదార్థాలతో పని నడుపుతారు. కొబ్బరి నూనె గది వేడికే కరిగిపోయే రకం. పొయ్యిలో అది విడివడి పైకి తేలుతుంది, పిండి జిగటగా మిగులుతుంది. ఈ మధ్య రకాలు మెరుగయ్యాయి కానీ, ఆ సాగుడు, పాల వాసన ఇంకా రాలేదు. ఈ విషయంలో మొహమాటం అనవసరం: చీజ్ మీదే నిలబడే వంటకం వీగన్‌గా మారినప్పుడు ఏదో ఒకటి తగ్గుతుంది. రికోటా అనే మెత్తటి చీజ్‌కు బదులు టోఫునో జీడిపప్పునో నలిపి చేసేది మాత్రం బాగా కుదురుతుంది. రికోటా సాగక్కర్లేదు, మెత్తగా, కమ్మగా ఉంటే చాలు. లసాన్యా పొరల మధ్య అది ఆ పని చేసిపెడుతుంది.

కంటికి కనపడనివి

పాత ఇటాలియన్ రెస్టారెంట్‌లో మెనూ చూసి ‘ఇందులో మాంసం లేదు’ అనుకున్న వంటకంలో జంతు పదార్థం దాగి ఉండే చోట్లు చాలా ఉన్నాయి. మినెస్ట్రోనె సూప్‌లో కూరగాయలే కనిపిస్తాయి, కానీ అడుగున పంది కొవ్వు ముక్కలు వేయించి ఉండొచ్చు, పార్మిజానో చీజ్ తొక్క వేసి మరిగించి ఉండొచ్చు. చిక్కుడు గింజలను పంది ఎముకతో ఉడికిస్తారు. పుట్టనెస్కా సాస్‌లో ఆంకోవీ చేప కరిగి కనిపించకుండా పోతుంది. రిసోటో అనే అన్నం వంటకంలో కోడి రసం, వెన్న. న్యోకీ అనే బంగాళాదుంప ఉండల్లో గుడ్డు. పెస్టో అనే ఆకు పచ్చడిలో చీజ్. కాలమారి, అంటే స్క్విడ్ అనే సముద్ర జీవి, వేయించిన నూనెలోనే వంకాయ కూడా వేగుతుంది. అన్నిటికంటే ముఖ్యం ‘ఎర్ర సాస్’. మారినారా అంటే టమాటా, వెల్లుల్లి, ఆలివ్ నూనెతో త్వరగా చేసే సాస్. ఆదివారం సాస్, కొన్ని ఇళ్లలో గ్రేవీ అనేది, మాంసం ముక్కలతో ఉడికి వాటిని తీసేసిన సాస్. చూడటానికి రెండూ ఎర్రగానే ఉంటాయి.

ఇక్కడే తెలుగు శాకాహారులు గమనించాల్సిన సంగతి ఒకటి ఉంది. న్యూజెర్సీలోనూ న్యూయార్క్‌లోనూ ఉంటున్న తెలుగు కుటుంబాల్లో గుడ్డు కూడా ముట్టని వాళ్లు చాలామంది. అలాంటివాళ్లు ఇటాలియన్ రెస్టారెంట్‌కి వెళ్లి సాధారణంగా ‘వెజిటేరియన్’ అని అడుగుతారు. కానీ అమెరికాలో ఆ మాటకు గుడ్డు అడ్డం కాదు. చీజ్ అసలే అడ్డం కాదు. చీజ్ అయితే పర్వాలేదు కదా అనుకుంటే, ఏ చీజ్ అన్నది ప్రశ్న. అసలైన పార్మిజానో రెజ్జానోను దూడ కడుపు పొర నుంచి తీసిన రెన్నెట్‌తోనే తోడు పెట్టాలని దాని నియమావళి చెబుతుంది. పెకొరీనో రొమానోకు గొర్రెపిల్ల రెన్నెట్ వాడతారు. మన దేశంలో ఆకుపచ్చ చుక్క వేసి అమ్మే చీజ్‌లో సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ ఉంటుంది. ఆ అలవాటుతో అమెరికా వెళ్లినవాళ్లకు చీజ్‌లో జంతువు భాగం ఉండొచ్చన్న అనుమానమే రాదు. ఏళ్ల తరబడి నిష్ఠగా శాకాహారం పాటించినవాళ్లు తెలియక తినేది ఇదే.

అందుకని పాలూ పెరుగూ నెయ్యీ హాయిగా తినే తెలుగు శాకాహారికి కూడా ఇలాంటి చోట అక్కరకొచ్చేది వీగన్ మెనూ. పాలు మానాలని కాదు. గుడ్డు లేకుండా, రెన్నెట్ లేకుండా, ఆంకోవీ లేకుండా, మాంసపు రసం లేకుండా ఉండాలంటే ఒక్క మాటతో చెప్పగలిగే దారి అదొక్కటే. వెయిటర్‌తో పది ప్రశ్నల సంభాషణ తప్పుతుంది. వంటింటికి కూడా ఆ మాట సందేహం లేకుండా అర్థమవుతుంది. వీగన్ తిండి అంటే మనకు సంబంధం లేని పాశ్చాత్యుల పట్టింపు అని తేలిగ్గా తీసేసే తెలుగువాళ్లు ఈ కోణం నుంచి చూస్తే, ఆ మెనూ తమకోసమే రాసినట్టుంటుంది.

వీగన్ మెనూ లేని పాత రెస్టారెంట్లలో మాత్రం ప్రశ్నలు తప్పవు. సాస్ మారినారాయేనా, మాంసం పడిందా? పాస్తా ఎండుదా, గుడ్డుతో చేసినదా? చీజ్ చల్లకుండా ఇస్తారా? గింజలు దేనితో ఉడికించారు? వేపుడుకు విడి నూనె ఉందా? ఈ ఐదూ అడిగితే దాదాపు అంతా తేలిపోతుంది. రద్దీగా ఉండే శనివారం రాత్రి కంటే వారం మధ్యలో, సాయంత్రం తొందరగా వెళ్తే జవాబులు ఓపికగా వస్తాయి. పాత రెస్టారెంట్లలో వెయిటర్లు ఏళ్ల తరబడి ఒకేచోట పనిచేస్తుంటారు. ఏ కుండలో ఏం పడిందో వాళ్లకు కంఠతా వచ్చు. అడిగితే చెప్పడం వాళ్లకూ గౌరవంగానే ఉంటుంది.

తినే క్రమం కూడా కాస్త ఆలోచించి పెట్టుకోవాలి. అమెరికాలోని ఈ రెస్టారెంట్లలో ప్లేట్లు పెద్దవి. మెనూలోని పెద్ద పేర్ల వెంట పడి ముగ్గురు మూడు పార్మీజాన్లు చెబితే బల్ల నిండుతుంది, రుచి మాత్రం ఒక్కటే. ముందు కపొనాతా లేదా చిక్కుడు గింజల ఎస్కరోల్, మధ్యలో పంచుకోవడానికి ఒక నూనె వెల్లుల్లి పాస్తా, తర్వాత ఒక సేటాన్ మార్సాలా అనుకుంటే పాత వంటా కొత్త వంటా రెండూ తెలుస్తాయి. మాంసం తినేవాళ్లు అదే బల్ల దగ్గర ఉంటే ఇంకా మంచిది. అసలు మార్సాలానూ సేటాన్ మార్సాలానూ పక్కపక్కన పెట్టి సాస్ మాత్రమే ముందు రుచి చూడాలి. తేడా ఎక్కడుందో, ఎక్కడ లేదో అప్పుడు తెలుస్తుంది. రొట్టె వచ్చినప్పుడు వెన్నకు బదులు ఆలివ్ నూనె అడగాలి. ఆ రొట్టెలో పంది కొవ్వు కలపలేదని కూడా తెలుసుకోవాలి, కొన్ని ఫొకాచియాల్లో కలుపుతారు. వైన్ తాగేవాళ్లలో కట్టుదిట్టంగా వీగన్ పాటించేవాళ్లు దాన్ని గుడ్డు తెల్లసొనతోనో చేప జిగురుతోనో తేట పట్టారేమో కూడా అడుగుతారు. చివర్లో తీపి దగ్గర కనోలీ, తిరమిసూ రెండూ పాల మీదే నడిచేవి. వాటికి మొక్కల జోడీ అక్కడే చేస్తుంటే తప్పక తినాలి. లేకపోతే నిమ్మ సోర్బెట్టో ఉంటుంది. నీళ్లు, చక్కెర, నిమ్మరసం. దానికి గుడ్డు తెల్లసొన కలపరు కదా అని ఒక్క మాట అడిగి, ఎస్ప్రెస్సోతో పాటు తెప్పించుకోవచ్చు.